మా నాన్న అనని మాట

మా నాన్న మరియదాసు జైలుకు వెళ్ళింది 1974 ఎండాకాలంలో, రైల్వే సమ్మెలో. దొంగతనం చేసి కాదు, ఎవర్నీ కొట్టి కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా మనవలకు జైలు అనగానే కళ్ళు ఇంతింతవుతాయి. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. పదో తరగతి పాసై ఇంట్లో ఉన్నాను. నాన్న బెజవాడ లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఇంజన్లో బొగ్గు వెయ్యడం ఆయన ఉద్యోగం, షెడ్డు టీముకు గోల్‌కీపరుగా నిలబడడం ఆయన ప్రాణం. మా అమ్మ శౌరమ్మకు ఆ ఆట పేరెత్తితే ఒళ్ళు మండేది. నలభై రెండేళ్ళ మనిషి బంతి కోసం నేల మీద పొర్లి, ఆ మట్టి బట్టలు తెచ్చి పెళ్ళాం ముందు పడెయ్యడమేమిటని ఆవిడ గొడవ. గొడవలో న్యాయం ఉంది, ఉతికేది ఆవిడే కదా.

కథ మొదలైంది మాత్రం సమ్మెతో కాదు, సినిమాతో.

ఈస్టరు పండగ వెళ్ళిన వారానికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో తెర కట్టి ఒక విదేశీ సినిమా వేశారు. ఏ దేశానిదో నాకు ఇప్పటికీ తెలియదు. యుద్ధంలో పట్టుబడ్డ ఖైదీలకూ, వాళ్ళకు కాపలా కాసే సైనికులకూ ఫుట్‌బాల్ పోటీ పెడతారు, అదీ కథ. మాటలు ఒక్కటీ అర్థం కావు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి గానీ, అవి సగం తెర మీదా సగం వెనక గోడ మీదా పడుతున్నాయి. పార్సిల్ ఆఫీసు గుమాస్తా అబ్రహాము గారు మైకు పట్టుకుని, చదవగలిగినంత చదివి తెలుగులో చెబుతున్నారు.

మొదట్లోనే గూడ్సు పెట్టెల్లోంచి మాసిన బట్టలతో మనుషులు బిలబిలా దిగారు. ఒకడు కాగితం చూసి పేర్లు పిలుస్తున్నాడు. చుట్టూ ముళ్ళకంచె, వరసగా రేకుల షెడ్లు. అక్షరాలు అబ్రహాము గారికి అందలేదు. నాన్న అందుకున్నాడు. ఏముందండీ, బ్రేక్‌డౌన్ గ్యాంగు, ఎక్కడో బండి పట్టాలు తప్పుంటుంది, క్యాంపు వేశారు అన్నాడు. మా వాళ్ళకు గూడ్సు పెట్టెలోంచి దిగే మనిషంటే గ్యాంగు మనిషే. అందరూ ఒప్పేసుకున్నారు. అరగంట సేపు కాలనీ మొత్తం ఆ ఖైదీలను డ్యూటీ మీద వచ్చిన రైల్వే వాళ్ళనుకునే చూసింది. వాళ్ళకు నీళ్ళ గంజి పోస్తుంటే, క్యాంపు తిండి ఏ దేశంలోనైనా ఇంతేనని ఆడవాళ్ళు జాలిపడ్డారు. అంతలో ఒకడు కంచె ఎక్కబోయాడు. తుపాకీతో కాల్చేశారు.

"గ్యాంగు కాదర్రా" అన్నాడు నాన్న మెల్లగా.

ఇక అక్కణ్ణించి ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. ఆట ముందు రోజు క్యాంపు ఆఫీసరు ఖైదీల గోల్‌కీపర్ని తన గదికి పిలిపించాడు. ఈ ముక్క మాత్రం అబ్రహాము గారు పూర్తిగా చదివారు. రేపు మీవాళ్ళు ఓడిపోతే నిన్నొక్కణ్ణి ఇంటికి పంపించేస్తాను అన్నాడట. గోల్‌కీపరు అవుననలేదు, కాదనలేదు. మర్నాడు ఆట మొదలైంది. చెరొక గోలు వేసుకున్నారు. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా సైనికుల్లో ఒకడు బంతి తన్నుకుంటూ దూసుకొచ్చాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

గంటన్నర కూర్చున్నాం. రాలేదు. ఆ రీళ్ళు పొద్దున బండికి వేరే ఊరు వెళ్ళిపోవాలట, వెళ్ళిపోయాయి. ఆ బంతి ఏమైందో మా కాలనీలో ఏ ఒక్కరూ చూడలేదు.

వారం రోజులు కుళాయిల దగ్గర, షెడ్డు గేటు దగ్గర, ఆదివారం చర్చిలో పూజ అయ్యాక గుడి మెట్ల మీద ఇదే చర్చ. గోలు వదిలేస్తాడా, ఆపుతాడా? నాన్నకు ఏ అనుమానమూ లేదు.

"వదిలేస్తాడు. పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు. నేనైనా వదిలేస్తాను. ఆటదేముంది, ఆట మళ్ళీ ఆడుకోవచ్చు."

"వదలడు" అంది అమ్మ, చేట పక్కన పెట్టి.

"ఆట గురించి నీకేం తెలుసే?"

"నాకు ఆటతో ఏం పని? ఆ మనిషి మొహం చూశాను. వదలడు."

ఫుట్‌బాల్ గురించి మా ఇంట్లో అమ్మ అన్న మంచి మాట అదొక్కటే. నాన్న ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

మేలో సమ్మె వచ్చింది. ఎనిమిదో తారీఖు పొద్దున షెడ్డు గేటు దగ్గర పోలీసులు నాన్నను వ్యానెక్కించారు. ఆయన నాయకుడేం కాదు. నినాదం ఇవ్వమంటే సిగ్గుపడి వెనక్కి వెళ్ళే రకం. అందరితోపాటు నిలబడ్డాడు, అందరితోపాటు ఎక్కించారు. బెజవాడలో రైలు కూత వినపడని తెల్లవారుజాములు నేను అప్పుడే చూశాను. అలవాటైన చప్పుడు లేక పసిపిల్లలు నిద్రలో ఉలిక్కిపడి లేచేవాళ్ళు. ఎండ చూస్తే పెంకులు పేలిపోయేటట్టుంది. క్వార్టర్సులో మగవాళ్ళు సగం మంది జైల్లో, సగం మంది అజ్ఞాతంలో.

పది రోజులయ్యాక ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఇంటింటికీ ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు. సమ్మెతో నాకు సంబంధం లేదు, నేను డ్యూటీలో చేరతాను అని దాని మీద రాసి ఉంది. జైల్లో ఉన్న మనిషి చేత సంతకం పెట్టించి తెస్తే మనిషి ఇంటికొస్తాడు, ఉద్యోగం ఉంటుంది. లేకపోతే సోమవారం క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆయన కటువుగా ఏమీ మాట్లాడలేదు, మంచినీళ్ళు అడిగి తాగి మరీ వెళ్ళాడు.

అమ్మ ఆ కాగితం మేరీమాత పటం కింద పెట్టి ఒక పూటంతా చూసింది. తరవాత నా చేతికిచ్చింది.

"నువ్వెళ్ళవే అమలీ. నేను జైలు గుమ్మం తొక్కలేను. వెళ్ళి సంతకం పెట్టించుకురా. మీ నాన్న కాదనడు, అమాయకుడు. కాదంటే కాళ్ళు పట్టుకో."

నాకూ అదే న్యాయమనిపించింది. ఆ ఇంట్లో పుట్టాను, ఆ ఇంట్లో పెరిగాను. ఇల్లు వదలడమంటే నాకు భయం. ఆదివారం పొద్దున్నే ఆవకాయ సీసా, ఉతికిన చొక్కా, వాటి మధ్యన ఆ కాగితం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

ఆ జైలు ఏ ఊళ్ళోదో చెప్పను. అప్పటి జైలరు గారి కుటుంబంతో మాకు తరవాత రాకపోకలు ఏర్పడ్డాయి, వాళ్ళు నొచ్చుకుంటారు. పేరు సంజీవరావు అనుకోండి. మనిషి మంచివాడే, కాకపోతే ఆటల పిచ్చి. రైల్వే టీము ఆటగాళ్ళు ఐదారుగురు తన చేతికి చిక్కేసరికి ఆయనకు పండగైపోయింది. ఆ ఆదివారం సమ్మె వాళ్ళకూ జైలు వార్డర్లకూ ఫుట్‌బాల్ మ్యాచి పెట్టాడు. అది అయ్యాకే ములాఖత్ అన్నారు. మేం నలభై మందిమి ఆడవాళ్ళం గేటు ఊచల్లోంచి చూస్తూ నిలబడ్డాం.

నాకు సినిమా గుర్తొచ్చింది. కంచె బదులు గోడ, అంతే తేడా. నాన్న పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, రెండు ఇటుకల మధ్య వంగి నిలబడి ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు కూడా లేవు. బాగా చిక్కిపోయాడు.

ఆట మొదలయ్యే ముందు జైలరు గారు గేటు దగ్గరికొచ్చి మాతో సరదాగా ఒక మాటన్నాడు. మా వార్డర్లు గెలిస్తే ఇవాళ మీకందరికీ అరగంట ములాఖత్, మీవాళ్ళు గెలిస్తే మామూలు పది నిమిషాలే. అని, నవ్వుకుంటూ వెళ్ళి ఈల వేశాడు.

ఇంకేముంది, గేటు దగ్గర మా ఆడవాళ్ళు తమ మొగుళ్ళను ఓడిపొమ్మని అరవడం మొదలుపెట్టారు. తెనాలి నుంచి వచ్చినావిడ ఒకామె, చంకలో పిల్లతో, మా నాన్నను చూసి గొంతు చించుకుంటోంది. "ఓ అన్నా, వదిలెయ్యన్నా, నీకు పుణ్యముంటుంది!" నేనూ అరిచాను. అబద్ధమెందుకు, అందరికన్నా గట్టిగా నేనే అరిచాను. నాకు ఆ అరగంట కావాలి. సంతకం పెట్టమని బతిమాలడానికి పది నిమిషాలు చాలవు.

నాన్న మా వైపు చూసి తలూపాడు. సరే, వదిలేస్తాలే అన్నట్టే ఊపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మొదటి బంతి వచ్చింది. నాన్న ఒళ్ళు ఆయన మాట వినలేదు. ఎటు నుంచి వచ్చిందో ఆ ఒడుపు, పక్కకు ఎగిరి పట్టేశాడు. పట్టేసి, మా వైపు తిరిగి, ఏం చెయ్యనర్రా అన్నట్టు చూశాడు. రెండోదీ అంతే. మూడోది కూడా అంతే. మధ్యలో మనవాళ్ళెవరో వెళ్ళి వార్డర్ల మీద గోలు వేశారు. ఇక చివర్న ఒక పొడవాటి వార్డరు ఒంటరిగా నాన్న మీదికి వచ్చాడు. గేటంతా ఒక్కసారి వదిలెయ్ వదిలెయ్ అని అరిచింది. నాన్న ఆ వార్డరు కాళ్ళ మీద పడి బంతి గుండెకు హత్తుకున్నాడు. మోచేయి చీరుకుపోయింది. తెనాలి ఆవిడ నుదురు కొట్టుకుంది.

నేను మాత్రం అరవడం మానేశాను. నోటితో వదిలేస్తానని చెప్పగలడు, తలూపగలడు, కానీ వదలడం ఈ మనిషికి చేతకాదు. మా అమ్మకు ఇది ఎప్పుడో తెలుసు. నాకు ఆ పూట తెలిసింది.

పది నిమిషాలే ఇచ్చారు. ఊచలకు అటు ఆయన, ఇటు నేను. చుట్టూ ఎవరి గోల వాళ్ళది. గెలిచిన సంబరంతో వచ్చినవాడు దగ్గర్నించి నా మొహం చూడగానే నీరుగారిపోయాడు.

"ఇంత ఎండలో వచ్చావా? అమ్మ ఎలా ఉంది?"

బాగుందన్నాను. కాగితాల సంగతి జైల్లో అప్పటికే పాకింది. సోమవారం లోపల ఖాళీ చెయ్యమన్నారటగా అని అడిగాడు. అవునన్నాను. ఆయన వెనక్కి తిరిగి, తన వాళ్ళెవరైనా వింటున్నారేమోనని చూసి, గొంతు తగ్గించాడు.

"తెచ్చావా? ఇటివ్వు. పెట్టేస్తాను. నాకేం పట్టుదల లేదమ్మా. ఇల్లు పోతే మీరెక్కడుంటారు?"

నేను అంత దూరం వచ్చిందే ఆ మాట కోసం. సంచిలో చెయ్యి పెట్టాను, కాగితం వేళ్ళకు తగిలింది. ఊచల మీద ఆనించి ఉన్న ఆయన మోచేతి మీంచి నెత్తురు కారుతోంది, ఆయనకు ఆ ధ్యాసే లేదు. ఈయన సంతకం పెట్టి, తనవాళ్ళందర్నీ వెనక వదిలి, ఈ గేటు దాటి మా ఇంటికొచ్చి అన్నం తింటాడు. తింటాడు గానీ, ఇక జీవితంలో ఎవరి మొహమూ చూడలేడు. మా కోసం పెడతాడు, మాకోసమే కుళ్ళిపోతాడు. ఆ మనిషిని నేను చూడలేననిపించింది. అంతే, అంతకన్నా పెద్ద ఆలోచనేం కాదు.

"కాగితం తేలేదు నాన్నా."

"తేలేదా?"

"తేలేదు."

ఆయన చాలాసేపు బరువు మోసి దించినవాడిలా ఊపిరి వదిలాడు. గంట కొట్టారు. సంచిలోంచి ఆవకాయ సీసా, చొక్కా తీసి లోపలికి అందించాను.

తిరుగు బస్సెక్కాను. నేను చేసిందేమిటో అప్పుడు తెలిసొచ్చింది. ఇల్లు పోతుంది, ఉద్యోగం పోతుంది, పొయ్యేది నా వల్ల. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. అమ్మ గుమ్మంలోనే ఉంది. సంతకం లేని కాగితం ఆవిడ చేతికిచ్చాను.

"ఏమన్నాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"పెట్టనన్నాడు."

"ఏమని?"

ఏదో ఒకటి చెప్పాలి కదా. ఊచల వెనక ఆయన వంగి నిలబడ్డ తీరు తప్ప నాకేమీ గుర్తుకు రావడం లేదు.

"మావాళ్ళందరూ బయటికొచ్చాకే నేనొస్తాను, ముందు రాను అన్నాడు."

అమ్మకు ముందు కోపమొచ్చింది. అందరూ వచ్చాక వస్తాడటా, ఈయన గారు జైలుకు తాళం వేసి వస్తాడా అంది. గిన్నెలు ఎత్తెత్తి పడేసింది. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"అంత మాట అన్నాడా? నిజంగానే?"

"అన్నాడు."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వింది. మా అమ్మ మొగుణ్ణి తలుచుకుని అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పెయ్యాలని నాలిక చివరిదాకా వచ్చింది. ఆ నవ్వు చూసి మింగేశాను.

అమ్మ అక్కడితో ఆగితే బాగుండేది. పక్కింటి సంపూర్ణమ్మకు చెప్పింది. సంపూర్ణమ్మ మొగుడు ఇశ్రాయేలు కూడా అదే జైల్లో ఉన్నాడు, ఆమె మర్నాడు కాగితం తీసుకుని బయల్దేరాలి. మరియదాసన్న అంత మాటన్నాక నేను ఏ మొహంతో పోతానని ఆమె మానేసింది. ఆ కాగితం పులుసు గిన్నె కింద పెట్టుకుంది. తెల్లారేసరికి ఆ వరసలో ఎనిమిది ఇళ్ళు మానేశాయి. మా నాన్న అనని మాట మీద ఎనిమిది కుటుంబాలు నిలబడి ఉన్నాయి, ఆ సంగతి ప్రపంచంలో నా ఒక్కదానికే తెలుసు.

సోమవారం ఆఫీసు వాళ్ళొచ్చేలోగా అమ్మే ఇల్లు ఖాళీ చేసింది. ఒకరు తియ్యమనే దాకా ఎందుకుండాలి అని తలెత్తుకుని మరీ సామాను మోసింది. మా కాలనీకి నేత చీరలు తెచ్చి అమ్మే రావమ్మ గారని ఒకావిడ ఉండేవారు. వాళ్ళాయన పోయాక చిట్టినగర్ ఇంట్లో మగ్గం గది ఊరికే ఉందని, వచ్చి ఉండమన్నారు. గది మధ్యలో మగ్గం గుంట. నేతగాడు కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. అమ్మ ఆ గుంటలో మా ట్రంకు పెట్టె దింపి, మీద పలక పరిచి, ఇదిగో మనకు బల్ల కూడా ఉంది అంది. రావమ్మ గారు పడీ పడీ నవ్వారు. నాన్న వచ్చేదాకా ఇరవై రోజులు ఆ గుంట చుట్టూ పడుకున్నాం.

నెలాఖరుకు సమ్మె ఆగిపోయింది. జూన్ మొదటి వారంలో అందర్నీ వదిలారు. నాన్న ఇంటికి రాకముందే ఆయన్నూ, ఆ ఎనిమిదిమందినీ ఉద్యోగంలోంచి తీసేసినట్టు కాగితాలు వచ్చేశాయి. మళ్ళీ తీసుకున్నారు, కానీ దానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ ఆయన బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పనిచేశాడు, నేను కుట్టు మిషను నేర్చుకున్నాను, ఎవరమూ చావలేదు.

వచ్చిన రోజు నాన్న రిక్షా దిగేసరికి రావమ్మ గారి అరుగు నిండా కాలనీ ఆడవాళ్ళు. సంపూర్ణమ్మ ముందుకొచ్చింది.

"అన్నా, నువ్వు పెట్టనన్నావని తెలిసే మేమూ ఆగాం. అందరూ బయటికొచ్చాకే వస్తానన్నావటగా. మా ఆయనకు కూడా చెప్పాను, మరియదాసన్నను చూసి నేర్చుకొమ్మని."

నాన్నకు ఏమీ అర్థం కాలేదు. ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వచ్చి నా మొహం దగ్గర ఆగాడు. గుమ్మంలో అమ్మ మంచినీళ్ళ చెంబుతో నిలబడి ఉంది, ఇరవై రోజులుగా మోస్తున్న ఆ నవ్వుతోనే. నాన్న చెంబు అందుకుని నీళ్ళన్నీ తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"అవునమ్మా" అన్నాడు. "పెట్టనన్నాను."

నేను ఏడుపు ఆపుకుంటుంటే నా తల మీద చెయ్యి వేసి, దానికి ఇంకొంచెం కలిపాడు. "ఈ పిచ్చిది ఎంత ఏడ్చిందో. కాళ్ళు పట్టుకుంది. అయినా పెట్టనన్నాను."

అందరూ వెళ్ళాక అమ్మ పెరట్లో చేపలు తోముతోంది. నాన్న చాప మీద నా పక్కన కూర్చుని, పెరటి వైపు ఒక కన్నేసి, నా చెవిలో అడిగాడు.

"ఇంకా ఏమేమన్నానే నేను? అంతా చెప్పు. రేపు నలుగురూ అడుగుతారు."

చెప్పాను. ఆ ఒక్క మాటా, దాని వెనక జరిగినదంతా చెప్పాను. ఆయన తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు.

ఆగస్టులో ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. క్షమాపణ రాసిస్తే నాన్నను వెంటనే డ్యూటీలోకి తీసుకుంటారట. తెచ్చినాయన అరుగు మీద కూర్చుని, కలం మూత తీసి మరీ అందించాడు. ఇశ్రాయేలుకు, మిగతా ఏడుగురికి రాలేదు, నాన్నకే వచ్చింది. ఈసారి కాగితం ఆయన చేతిలోనే ఉంది, మధ్యలో నేను లేను. లోపల మిషను తొక్కుతున్నదాన్ని చక్రం ఆపేసి వింటున్నాను. నాన్న కాగితం మడిచి ఆయనకే ఇచ్చేశాడు.

"మావాళ్ళందరూ చేరాకే నేనొస్తానండీ. ముందు రాను."